గాజువాక నుంచి మధురవాడకు మారాం, గ్యాస్ కనెక్షన్ మాత్రం మారడం లేదు

గత నెల 28న ఇల్లు మారాం. కరెంటుతో గొడవ లేదు, మీటరు ఓనర్ గారి పేరు మీదే ఉంది కాబట్టి ఖాళీ చేసిన రోజు రీడింగ్ ఫోటో తీసి పంపి లెక్క తేల్చేశాను. తలనొప్పంతా గ్యాస్‌తోనే. కంపెనీ అదే, ఊరూ అదే, ఏజెన్సీ ఒక్కటే మారాలి, సిలిండర్లు, రెగ్యులేటర్ అప్పగించక్కర్లేదన్నారు. బుక్కు పట్టుకెళ్తే పాత ఏజెన్సీ వాళ్లు 3వ తేదీన ట్రాన్స్‌ఫర్ చేసేశామని ఒక కాగితం చేతిలో పెట్టారు. ఆ కాగితం, కొత్త రెంటల్ అగ్రిమెంట్, ఆధార్ తీసుకుని ఇక్కడి ఏజెన్సీకి మూడుసార్లు వెళ్లాను, ప్రతిసారీ "మా సిస్టంలో మీ నంబర్ రావట్లేదండి" అనే మాటే. యాప్‌లో ఇంకా పాత ఏజెన్సీ పేరే చూపిస్తోంది. ఈకేవైసీ పోయిన ఏడాదే అయిపోయింది, మొబైల్ నంబర్ కూడా మారలేదు. టోల్‌ఫ్రీకి కంప్లైంట్ ఇస్తే రెండు రోజులకు "పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చింది, ఏం పరిష్కరించారో వాళ్లకే తెలియాలి! ఉన్న 14.2 కేజీల సిలిండర్ ఇంకో వారం వస్తుందేమో, అదే టెన్షన్.

ఇలా రెండు ఏజెన్సీల మధ్య ఇరుక్కున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, పాత ఏజెన్సీ చేత ట్రాన్స్‌ఫర్ మళ్లీ పెట్టించుకుంటే పని అయిందా, లేక నేరుగా కంపెనీ ఏరియా ఆఫీసుకే వెళ్లాల్సి వచ్చిందా?