అప్‌డేట్: దుబాయ్ నుంచి తెచ్చిన టీవీకి చివరికి ఎంత సుంకం పడింది

దుబాయ్‌లో కొన్న 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీని సామానుతో పాటు హైదరాబాద్‌కు తెస్తే, సుంకం లేకుండా తెచ్చుకోగల అప్పటి 50,000 రూపాయల ఉచిత పరిమితి దానికి వర్తిస్తుందా అని ఈ ఫోరమ్‌లో అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. 2024 నవంబరులో వచ్చాను; విషయం తేలింది.

ఆ పరిమితి వర్తించలేదు. ఫ్లాట్ ప్యానెల్ టీవీ 2016 నాటి బ్యాగేజీ నిబంధనల్లో మినహాయింపు లేని వస్తువుల జాబితాలో ఉందని, కాబట్టి మొత్తం విలువపై సుంకం కట్టాలని చెప్పిన సభ్యుడి మాటే నిజమైంది. రెడ్ ఛానెల్‌లో (విమానాశ్రయంలో సుంకం కట్టాల్సిన సామాను ఉన్నవారు వెళ్లే దారిలో) నేనే ప్రకటించి రసీదు చూపగా, దిర్హమ్ ధరను కస్టమ్స్ వారి మారకపు రేటుతో లెక్కించి 40,000 రూపాయలుగా తీసుకున్నారు. దానిపై 35 శాతం చొప్పున 14,000, ఆ సుంకంపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ 1,400, వెరసి 15,400 రూపాయలు, అంటే విలువలో 38.5 శాతం. వెంట తెచ్చిన సామాను కనుక ఐజీఎస్టీ (దిగుమతులపై వేసే జీఎస్టీ) వేయలేదు. నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే.

పెట్టె తీసేసి వాడిన టీవీగా చూపమన్న సలహాను నేను పాటించలేదు, అప్పటి నిబంధనల్లో పాత టీవీ కూడా ఆ జాబితా నుంచి తప్పించుకునేది కాదు. విదేశం నుంచి నివాసం మార్చుకుని తిరిగివచ్చేవారి రాయితీ, సెలవుపై వచ్చిన నాకు సంబంధించనిది. సుంకంతో కలిపి 55,400 అయింది కాబట్టి, ఇదే ఆలోచనలో ఉన్నవారు ముందుగా ఇక్కడి దుకాణం ధరతో పోల్చుకోండి, ప్రయాణానికి ముందు అప్పటి నిబంధనలనూ చూసుకోండి.