భీమవరంలో ఇంటి అద్దెలకు పరిమితి పెడితే మేలు జరుగుతుందా?

గునుపూడి అద్దెదారు:
2022 ఏప్రిల్‌లో భీమవరం జిల్లా కేంద్రమైనప్పటి నుంచి, కొత్త కార్యాలయాల ఉద్యోగులు, కళాశాలల విద్యార్థులు, రొయ్యల వ్యాపారం మీద వచ్చేవారు అందరూ అవే రెండు గదుల వాటాల కోసం పోటీ పడుతున్నారు. మా యజమాని సంక్రాంతి దాటగానే మరో రెండు వేలు పెంచుతామంటున్నారు. ఏటా ఇంతకు మించి పెంచరాదని ప్రభుత్వమే నిర్ణయిస్తే సరిపోదా?

కాలువగట్టు:
మీకు సరిపోతుందండీ, మీ తరువాత ఇల్లు వెతుక్కునేవారికే కష్టం. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1980కి ముందు కట్టిన చిన్న భవనాలకు 1994లో అద్దె నియంత్రణను వర్తింపజేశారు. పాత అద్దెదారులు నిజంగానే ఉన్నచోట నిలబడగలిగారు. అయితే యజమానులు ఇళ్లను అమ్ముకోవడం, పడగొట్టి తిరిగి కట్టుకోవడం మొదలుపెట్టడంతో ఆ భవనాల్లో అద్దెకు దొరికే ఇళ్లు 15 శాతం తగ్గాయని, దానివల్ల నగరమంతటా అద్దెలు 5 శాతం పెరిగాయని స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు లెక్కతేల్చారు. బొంబాయిలో అయితే 1947 నాటి చట్టం అద్దెలను 1940 స్థాయిలోనే బిగించేసింది. ఆ అద్దె సున్నం ఖర్చుకైనా చాలకపోతే మరమ్మతు ఎవరు చేయిస్తారు? పైగా అద్దెహక్కు చేతులు మారినప్పుడల్లా పగిడీ పేరుతో లెక్కలో లేని సొమ్ము నడిచింది.

పాలకొల్లు మేస్త్రి:
మన డెల్టాలో ఇంకో చిక్కుంది. పల్లపు చేనును లారీల కొద్దీ మట్టి తోలించి, రోడ్డు ఎత్తుకు మెరక చేసి, ఆ మెత్తని నల్లమట్టిలో పునాది దింపేసరికే, ఒక్క ఇటుక పేర్చకముందే సగం ఉత్సాహం చస్తుంది. అద్దె మీద పరిమితి వస్తుందని తెలిస్తే డబ్బున్నవారు ఆ స్థలాన్ని చెరువుగానో ఖాళీగానో ఉంచుకుంటారు తప్ప, పై అంతస్తు వేయరు.

గునుపూడి అద్దెదారు:
ఇళ్లు పెరిగేదాకా మా వంటివారి సంగతి ఏమిటి? పిల్లల చదువు నడుమ ఇల్లు మారలేమని యజమానికి తెలుసు, బేరం ఆయన చెప్పినట్టే తెగుతుంది.

కాలువగట్టు:
ఆ మాట ముమ్మాటికీ నిజం, అందుకే నేను పరిమితి కంటే ముందస్తు నోటీసునే సమర్థిస్తాను. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో పరిమితి లేదు గాని, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా తెలపాలనీ, నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదనీ ఉంది. నమూనా కాబట్టి రాష్ట్రం చట్టంగా తెచ్చుకుంటేనే అది వర్తిస్తుంది. మీరు మాత్రం అలవాటుగా రాసుకునే పదకొండు నెలల కాగితాన్ని వదిలి, ఏటా ఎంత పెంచాలో ముందే రాసి, మూడేళ్లకు ఒప్పందం రిజిస్టరు చేయించమని మీ యజమానిని అడగండి.