ఆదివారం ఒంటిగంట భోజనాలకు పెలెట్ గ్రిల్ మీద బ్రిస్కెట్: ఎప్పుడు పెట్టాలి?

ప్లేనో_తమ్ముడు:

అన్నలూ అక్కలూ, అర్జెంటుగా ఒక సాయం కావాలి. వచ్చే ఆదివారం పాప మొదటి పుట్టినరోజు. చర్చిలో ఆరాధన పది నుంచి పన్నెండున్నర దాకా, ఆ తర్వాత మా ఇంట్లోనే ఒంటిగంటకు భోజనాలు. పాతిక మంది వస్తారు. బగారా అన్నం, చికెన్ ఫ్రై, పెరుగు చట్నీ బయట చెప్పేశాం. బ్రిస్కెట్ (బీఫ్‌లో రొమ్ము భాగం) మాత్రం నేనే చేస్తానని అందరి ముందూ అన్నాను. ఆ కబురు నరసరావుపేట దాకా వెళ్లింది. మామయ్య వీడియో కాల్ చేసి "అల్లుడు టెక్సాస్ వంట చేస్తున్నాడట కదా, చూపించాలి" అంటున్నారు. టెన్షన్ మొదలైంది.

కాస్ట్‌కోలో 14 పౌండ్ల ప్రైమ్ (కొవ్వు బాగా ఉండే మేలురకం) ముక్క, పాయింటూ (కొవ్వున్న మందపాటి భాగం) ఫ్లాటూ (పల్చటి భాగం) కలిసున్నది, చూసి పెట్టుకున్నాను. పెలెట్ గ్రిల్ (కట్టెపొట్టు గుళికలతో మండేది) వేసవిలో కొన్నాం. ఇప్పటిదాకా దాని మీద చికెనూ చేపా తప్ప పెద్ద మాంసం పెట్టలేదు.

వీడియోలు చూస్తే గ్రిల్ వేడి ఒకాయన 225 డిగ్రీల ఫారన్‌హీట్ అంటాడు, ఇంకొకాయన 275 అంటాడు. పౌండుకు గంటని ఒకరు, గంటన్నరని ఒకరు. అంటే 14 గంటలా, 21 గంటలా? శనివారం రాత్రి పదింటికి పెట్టి పడుకుంటే సరిపోతుందా? మధ్యలో మాంసం లోపలి వేడి 160 దగ్గర గంటల తరబడి కదలదంటున్నారు, అప్పుడేం చేయాలి? చుట్టడానికి కాగితమా, ఫాయిలా? పెలెట్ గ్రిల్‌లో పొగ సరిగా పట్టదని ఆఫీసులో ఒకతను నవ్వాడు, నిజమేనా? రబ్‌లో, అంటే పైన పట్టించే మసాలాలో, అల్లం వెల్లుల్లి, గరం మసాలా వేద్దామా అని మా ఆవిడ అడుగుతోంది.

ఆస్టిన్_అవధాని:

తమ్ముడూ, ఎందుకొచ్చిన తంటా, కొనుక్కో. మా ఆస్టిన్‌కి దక్షిణంగా లాక్‌హార్ట్ ఉంది. బార్బెక్యూ రాజధాని అని టెక్సాస్ చట్టసభే పేరు పెట్టిన ఊరు. అక్కడ క్రైట్స్ మార్కెట్ 1900 నాటిది, బ్లాక్స్ 1932 నాటిది. పోస్ట్ ఓక్ దుంగలు మండుతుంటే పక్కన మనిషి కాపలా కూర్చుంటాడు. నువ్వేమో ఒక మోటారునీ ఫ్యానునీ నమ్ముకుని పాతిక మందిని పిలిచావు. అయితే పేరున్న కొట్లలో ఇప్పుడు పౌండు 30 డాలర్లు దాటింది, పాతిక మందికి లెక్క వేసుకున్నాక నన్ను తిట్టుకోకు.

కేటీ_అక్క:

అవధాని గారి మాట పక్కన పెట్టు తమ్ముడూ. మోటారుతో చక్కగా అవుతుంది. కానీ ఆ శనివారం రాత్రి పదింటి ప్లాన్ మాత్రం ముందు మానెయ్. నేను నైట్ డ్యూటీ నర్సుని, రాత్రంతా మేలుకోవడమే నా ఉద్యోగం, అయినా నేనే వద్దంటున్నాను.

పెలెట్ గ్రిల్‌లో జరిగేది ఇంతే. హాపర్‌లోంచి, అంటే పెలెట్లు పోసే డబ్బాలోంచి, ఒక స్క్రూ పెలెట్లను నిప్పుగిన్నెలోకి తోస్తుంది, ఫ్యాన్ గాలి కొడుతుంది, ఎంత తోయాలో కంట్రోలర్ చూసుకుంటుంది. హాపర్ మధ్యలో గుంట పడి పెలెట్లు పక్కలకు అలాగే నిలబడిపోయినా, తేమకు ఉబ్బి పొడైపోయినా మంట ఆరిపోతుంది. అది రాత్రి ఒంటిగంటకు ఆరితే నువ్వు చూసేది పొద్దున ఆరింటికి. అప్పటికి మాంసం నూరు, నూట ఇరవై డిగ్రీల దగ్గర గంటల తరబడి కూర్చుని ఉంటుంది. చంటిపిల్లలున్న పందిట్లో అది వడ్డించలేం. నేను హ్యూస్టన్ పక్కన ఉంటాను, ఈ తేమ బాధ నాకు బాగా తెలుసు. బస్తా విప్పగానే గట్టి మూత ఉన్న బకెట్లో పోసేస్తాను. పెలెట్ విరిస్తే టప్పుమని విరగాలి, వేళ్ల మధ్య నలిగిపోతే అది పనికిరాదు. శుక్రవారం నిప్పుగిన్నెలో బూడిద కూడా తీసెయ్.

ఇక అసలు సంగతి. సరిగ్గా ఒంటిగంటకు దింపేలా లెక్క వేయొద్దు, ఆ లెక్క ఎవరికీ కుదరదు. ఒకే బరువున్న రెండు ముక్కలు పక్కపక్కన పెట్టినా రెండు మూడు గంటల తేడా వస్తుంది. శనివారమే వండేసి, రాత్రంతా వేడి మీద ఉంచు. పెద్ద పెద్ద బార్బెక్యూ కొట్లలో పొద్దున పదకొండింటికి కోసి పెట్టేది అప్పుడే దించిన మాంసం అనుకుంటున్నావా? చాలా చోట్ల అది ముందు రోజు ఉడికి, 140కీ 150కీ మధ్య వెచ్చటి పెట్టెలో రాత్రంతా ఉన్నదే. ఆ నిలవలో కొవ్వూ జిగురూ సర్దుకుంటాయి, ఫ్లాట్ కూడా మెత్తబడుతుంది. ఇంట్లో చేసేవాళ్లు పన్నెండు గంటలు పొగకిచ్చి, అరగంట కూడా ఆగకుండా కోసేస్తారు. రసమంతా చెక్క మీదకు కారిపోయాక మాంసం పిప్పి అయిందని గ్రిల్‌ని తిడతారు.

శుక్రవారం రాత్రి శుభ్రం చేసుకో. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే అయితే కొవ్వు గట్టిగా ఉండి కత్తి బాగా ఆడుతుంది. పైన కొవ్వు పావు అంగుళం మందం ఉంచు. పాయింటుకీ ఫ్లాటుకీ మధ్య మైనంలా గట్టి కొవ్వు ముద్ద ఉంటుంది, ఎన్ని గంటలు పెట్టినా అది కరగదు, తవ్వి తీసెయ్. ఫ్లాట్ చివర పల్చటి మూల ఉంటే గుండ్రంగా కోసెయ్, ఎలాగూ మాడిపోయేదే. తీసిన కొవ్వు పారేయకు, సన్నటి సెగ మీద కరిగించి వడకట్టి పెట్టు, చుట్టేటప్పుడు పనికొస్తుంది.

మీ ఆవిడకు చెప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద దీనికి వద్దు. పన్నెండు గంటల సెగకు వెల్లుల్లి నల్లబడి చేదెక్కుతుంది, తడి ముద్ద వల్ల పైన పెచ్చు గట్టిగా కట్టదు. మిరియాలు రోట్లో కచ్చాపచ్చాగా దంచు, మెత్తటి పొడి వద్దు. పౌండుకు అర టీస్పూను లెక్కన కోషర్ ఉప్పు (పలుకుల ఉప్పు) రాత్రే పట్టించి ఫ్రిజ్‌లో పెట్టు, మిరియాలు పొద్దున దండిగా చల్లు. గరం మసాలా బగారాలో ఎలాగూ ఉంటుంది.

పొగ సంగతి మీ ఆఫీసతను చెప్పింది సగం నిజం. ఫ్యాన్ ఉన్న మంట శుభ్రంగా మండుతుంది కాబట్టి దుంగల మీద వచ్చినంత పొగ రాదు. సెగ తగ్గిస్తే పొగ పెరుగుతుంది. అందుకని మాంసాన్ని బయట పెట్టి గది వేడికి రానివ్వకుండా ఫ్రిజ్‌లోంచి నేరుగా గ్రిల్ మీదకు ఎక్కించు. మొదటి మూడు గంటలు 200 దగ్గర, ఆ తర్వాత 225. ఓక్ గానీ హికరీ గానీ పెలెట్లు తీసుకో. చిల్లుల గొట్టం ఒకటి దొరుకుతుంది, దాన్ని పెలెట్లతో నింపి ఒక చివర అంటించి పక్కన పెడితే కొన్ని గంటలు పొగ ఇస్తుంది. గ్రిల్ వెలిగించగానే వచ్చే చిక్కటి తెల్ల పొగ పోయి పల్చబడ్డాకే మాంసం పెట్టు. నిప్పు కిందనుంచి వస్తుంది కనుక కొవ్వు వైపు కిందికి ఉండాలి.

శనివారం పొద్దున ఆరింటికి పెట్టావనుకో, మధ్యాహ్నానికి అటూఇటూ 150, 160 మధ్య వచ్చి ఆగుతుంది. భయపడి మూత తీయకు. జ్వరమొచ్చిన వాళ్లకు తడిగుడ్డ వేస్తే ఒళ్లు ఎందుకు చల్లబడుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. మాంసంలోంచి ఊరిన తడి ఆవిరవుతూ, గ్రిల్ ఇచ్చే వేడిని తినేస్తుంటుంది. 165 దాటాక పైన పెచ్చును గోటితో గీకి చూడు. మిరియాలు ఊడి గోటికి అంటితే ఇంకో అరగంట ఉంచు. ఊడకపోతే, గులాబీ రంగు బుచర్ పేపర్ మీద కరిగించిన కొవ్వు రాసి బిగించి చుట్టి, గ్రిల్ 265కి పెంచు. అక్కడినుంచి కదులుతుంది.

195 దగ్గరనుంచి థర్మామీటర్ పుల్లతో గుచ్చి చూస్తూ ఉండు. ఫ్లాట్‌లో మందంగా ఉన్న చోటే గుచ్చాలి. పాయింటులో కొవ్వు ఎక్కువ, అది ఎప్పుడూ ముందే మెత్తగా ఉన్నట్టు అనిపిస్తుంది. పుల్ల అడ్డు తగలకుండా దిగిపోతే అయినట్టే. సాధారణంగా 203 దగ్గర అవుతుంది, కొన్ని 198కే అవుతాయి, మొండివి 208 దాకా లాగుతాయి. రాత్రి ఏడెనిమిదింటికల్లా అయిపోవాలి, తొమ్మిదైనా నీకు నష్టం లేదు. దించి కాగితం విప్పి లోపల 170కి దిగేదాకా బయట ఉంచు, లేకపోతే లోపలి వేడికి ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. మళ్లీ చుట్టి 150 డిగ్రీల ఓవెన్లో పెట్టి పడుకో.

ఇర్వింగ్_భాయ్:

అక్క చెప్పినదానికి సలామ్. ఒక్క దగ్గర నేను ఒప్పుకోను. నేను కొనేది రిచర్డ్‌సన్‌లో హలాల్ కొట్టు మాంసం. ప్రైమ్ అంత కొవ్వు దానికి ఉండదు, దానికి కాగితం చుడితే ఫ్లాట్ ఎండిపోతుంది. ఫాయిలే కరెక్టు. పెచ్చు కొంచెం మెత్తబడుతుంది, పడనీ. హలాల్ కావాలనుకునే వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, కొట్టులో ఉత్త బ్రిస్కెట్ అని అడగొద్దు. కొవ్వంతా గీకేసి సగం ముక్క చేతిలో పెడతారు. మన దగ్గర మటన్ కొట్టులో సీనా అడుగుతాం చూడండి, అదే భాగం మొత్తంగా, కొవ్వు తీయకుండా కావాలని ముందు రోజే ఫోన్ చేసి చెప్పాలి. ఇంకో మాట తమ్ముడూ, మిగిలితే మర్నాడు పాయింటు ముక్కలు కోసి పచ్చిమిర్చి, కరివేపాకుతో పెనం మీద వేయించు. మా ఇంట్లో బ్రిస్కెట్ కంటే దానికే డిమాండు.

కేటీ_అక్క:

భాయ్, కొవ్వు తక్కువున్న ముక్కకు ఫాయిల్ అంటే నేనూ ఒప్పుకుంటాను. తమ్ముడిది ప్రైమ్, కాగితం చాలు.

ప్లేనో_తమ్ముడు:

అక్కా, భాయ్, దండాలు. ప్లాన్ మార్చేశాను. రెండే చిక్కులు. మా ఓవెన్ 170 కంటే కిందికి దిగదు. ఇంకోటి, ఆదివారం తొమ్మిదిన్నరకే అందరం చర్చికి వెళ్లిపోతాం, ఇంట్లో ఎవరూ ఉండరు. ఓవెన్ ఆన్ చేసి వెళ్లనా? అలాగే వచ్చేవాళ్లలో నాలుగైదు కుటుంబాలు బీఫ్ తినరు. 14 పౌండ్లు సరిపోతుందా లేదా అనేది కూడా తేలట్లేదు.

కేటీ_అక్క:

170 ఓవెన్ అయితే పూర్తిగా మెత్తబడేదాకా ఆగకు. 195 దగ్గర పుల్లకు ఇంకా కొంచెం బిగువు తగులుతుండగానే దించెయ్, మిగతాది రాత్రి ఓవెన్లో నెమ్మదిగా అవుతుంది. కాగితం కింద ఒక ట్రే పెట్టు, లేకపోతే ఓవెన్ అడుగంతా కొవ్వే. కొన్ని ఓవెన్లు పన్నెండు గంటలకు వాటంతట అవే ఆగిపోతాయి, నీది అలాంటిదేమో శుక్రవారమే చూసుకో.

చర్చికి వెళ్లేముందు ఓవెన్ కట్టెయ్. ఐస్ పెట్టుకునే కూలర్ పెట్టెలో మరిగే నీళ్లు పోసి ఇరవై నిమిషాలు ఉంచి పారబోసి, లోపల తుడిచి, మాంసాన్ని కాగితంతోనే పాత తువ్వాళ్లలో చుట్టి అందులో పెట్టు. ఖాళీ ఉన్నచోటల్లా తువ్వాళ్లు కుక్కు. మూడు నాలుగు గంటలు సుఖంగా ఉంటుంది. వచ్చాక థర్మామీటర్ పెట్టి 140కి పైన ఉందో లేదో చూసుకుని కొయ్యి.

14 పౌండ్లలో కొవ్వు తీసింది, ఆవిరైంది పోగా పళ్లెంలోకి వచ్చేది ఏడు పౌండ్లు. ఇదొక్కటే కూర అయితే పాతిక మందికి చాలదు. నీకు చికెన్ ఉంది, పైగా నాలుగైదు కుటుంబాలు తినరంటున్నావు, హాయిగా సరిపోతుంది. తినని వాళ్ల కోసం ట్రే ముందు పెద్ద అక్షరాలతో చీటీ పెట్టు, గరిటెలు వేరు చెయ్. గ్రిల్ మీద మొక్కజొన్న కంకులు కాల్చే ఆలోచన ఉంటే, దానికి బీఫ్ కొవ్వు అంటి ఉంటుంది కనుక ఆ రోజుకు అవి లోపల స్టవ్ మీద కాల్చు.

కోసేటప్పుడు ఫ్లాట్‌లో పోగులు ఒక వైపు, పాయింటులో ఇంకో వైపు ఉంటాయి. ఫ్లాట్‌ని పోగులకు అడ్డంగా పెన్సిల్ మందాన కోస్తూ వెళ్లి, పాయింటు మొదలయ్యే చోట ముక్కను తిప్పి పెట్టుకో. అంతా ఒకేసారి కోసి పరచకు, వరస కదిలేకొద్దీ కొయ్యి. పక్కన కాస్త గోంగూర పచ్చడి, ఉల్లిపాయలు పెట్టు, అంత కొవ్వుకు ఆ పులుపు ఉండాలి. మామయ్య గారికి వీడియో కాల్ కోయడం మొదలెట్టే ముందు చెయ్యి, చేతులకు కొవ్వంటాక ఫోన్ పట్టుకోలేవు.