షూబర్ట్ డి.960 మొదటి భాగం: రిక్టరా, బ్రెండెలా?

కొత్త_శ్రోత
స్వరకర్త షూబర్ట్ ఆఖరి పియానో సొనాటా (కొన్ని భాగాలుగా ఉండే పెద్ద రచన), బి ఫ్లాట్ మేజర్, డి.960 (ఆయన రచనల జాబితాలో దీని నంబరు). కొన్నాళ్లుగా ఇదే వింటున్నాను. పియానిస్టు రిక్టర్ 1972 రికార్డింగులో మొదటి భాగం ఒక్కటే 24 నిమిషాలు దాటుతోంది. ఇంకో పియానిస్టు బ్రెండెల్ వాయిస్తే దాదాపు 15. ఇద్దరి ముందూ ఉన్నవి ఒకే నోట్స్ కదా, ఇంత తేడా ఏంటండీ? ఎవరిది వినాలి?

పాత_రికార్డు
బ్రెండెల్. ఇందులో ఆలోచించడానికేం లేదు. షూబర్ట్ పైన రాసింది ‘మోల్టో మోడెరాటో’. చాలా మితమైన వేగం అని. మితంగా అన్నాడు గానీ ఆగిపొమ్మనలేదు. ఆ మొదటి రాగం పదిమంది కలిసి మెల్లగా పాడుకునే పాటలా ఉంటుంది. రిక్టర్ చేతిలో ఒక్కో స్వరం విడివిడిగా వచ్చి నిలబడుతుంది, పాట మాత్రం రాదు. ఎల్పీల కాలం నుంచి వింటున్నాను, ఇప్పటికీ ఆ రికార్డింగు సగంలో లేచిపోతాను.

ఎడమచేయి
ముందు లెక్క సరిచేద్దాం. 24నీ 15నీ పక్కపక్కన పెట్టడమే తప్పు. రిక్టర్ రిపీట్ వాయిస్తాడు, బ్రెండెల్ వాయించడు. ఎక్స్‌పొజిషన్, అంటే ఈ భాగంలో మొదటి మూడో వంతు, రెండుసార్లు వాయించమని షూబర్ట్ గుర్తు పెట్టాడు. ఆ రెండోసారి తీసేస్తే రిక్టర్‌ది కూడా సుమారు 18 నిమిషాలే. నెమ్మదే, కాదనను. కానీ మీరు భయపెడుతున్నంత కాదు.

అసలు సంగతి ఆ రిపీట్‌లో ఉంది. వెనక్కి వెళ్లడానికి ముందు షూబర్ట్ ప్రత్యేకంగా తొమ్మిది బార్లు (మన తాళావర్తాల్లాంటి కొలతలు) రాశాడు. వెనక్కి వెళితేనే అవి వినిపిస్తాయి. ఎనిమిదో బార్‌లో బాగా కింది స్థాయిలో, వినీవినిపించనట్టు ఒక ట్రిల్ (పక్కపక్క స్వరాలు రెండూ గబగబా మారిమారి రావడం) వస్తుంది, గుర్తుందా? ఈ సొనాటా విన్న ఎవరికైనా గుర్తుండేది అదే. ఆ ట్రిల్ ఫోర్టిసిమోలో, అంటే చాలా గట్టిగా, ఉరిమేది ఆ తొమ్మిది బార్లలో మాత్రమే, ఇంకెక్కడా లేదు. దాన్ని కోసేసినాయన షూబర్ట్‌ని అర్థం చేసుకున్నాడంటే నేను ఒప్పుకోను.

తంబురా_శృతి
మన దగ్గర అనుపల్లవి అయ్యాక పల్లవికి రాకుండా వెళ్లిపోతే ఊరుకుంటామా? రిపీట్ ఉండాల్సిందే.

పాత_రికార్డు
@తంబురా_శృతి, మన పల్లవి తిరిగొచ్చినప్పుడు సంగతులు మారతాయి. పాడేవాళ్ల మనోధర్మం ఉంటుంది. ఇక్కడ ఒక్క స్వరం మారకూడదు. పోలిక కుదరదు.

@ఎడమచేయి, బ్రెండెల్ మర్చిపోయి వదిలేశాడనుకున్నారా? ఎందుకు వదిలేశాడో వ్యాసం రాసి మరీ చెప్పాడు. ఆ ట్రిల్ మహిమంతా అది దూరంగా ఉండటంలోనే ఉంది. దాన్ని ఒకసారి గట్టిగా ఉరిమించారంటే ఆ దూరం పోయినట్టే. పైగా ఆ తొమ్మిది బార్లలో ఉన్న కుదుపు ముందున్నదానికీ అతకదు, వెనకున్నదానికీ అతకదు. ఇంకో మాట. ఆఖరి మూడు సొనాటాలనూ ఆయన ఒకే కచేరీలో వాయించేవాడు. అన్నిచోట్లా రిపీట్లు తీసుకుంటే జనం ఇళ్లకెప్పుడు వెళ్లాలి?

ఎడమచేయి
ఇది సంగీతం గురించిన వాదనా, లాస్ట్ బస్సు గురించిన వాదనా?

అతకదు కాబట్టి తీసేయాలంటే సగం షూబర్ట్‌ని తీసేయాలి. ఆయన గొప్పతనమే అతకని చోట ఉంటుంది. దీని ముందు సొనాటా డి.959 రెండో భాగం మధ్యలో వచ్చే తుఫాను దేనికి అతుకుతుందో చెప్పండి. దాన్ని బ్రెండెల్ కొయ్యలేదే.

నాకు ఇది పుస్తకాల గొడవ కాదు. గ్రేడ్ పరీక్షలకి పియానో నేర్చుకున్నదాన్ని. మా టీచర్ ప్రతి పీసులోనూ రిపీట్ గుర్తుల్ని పెన్సిల్‌తో కొట్టేసేవారు, పరీక్షలో అవి అడగరని. సరే, పరీక్ష వరకు బాగానే ఉంది. పరీక్ష అయ్యాక ఇంట్లో వాయించుకుంటుంటే కూడా “ఒకసారి వాయించావుగా, ఇంక చాలు, ముందుకెళ్లు” అనేవారు. ఏ ముక్కా రెండోసారి వేరేగా వాయించి చూసే అవకాశమే రాలేదు. పెద్దయ్యాక రిక్టర్ విన్నాను. ఆ తొమ్మిది బార్లు దాటి ఆయన మళ్లీ మొదటికొచ్చి, అదే పాట అంతే మెల్లగా ఎత్తుకున్నప్పుడు అది అంతకుముందు విన్న పాట కాదు. ఉరుము తర్వాతి పాట. స్వరాలు మారకపోయినా.

పాప్‌కార్న్_పాపారావు
కానివ్వండి కానివ్వండి.

పాత_రికార్డు
మీ టీచర్ మీద కోపం బ్రెండెల్ మీద తీర్చుకుంటే ఎలాగమ్మా?

ఎడమచేయి
అమ్మా గిమ్మా వద్దు సార్. ఒక్కటి అడుగుతాను. మీరెప్పుడైనా స్కోరు తెరిచి ఆ తొమ్మిది బార్లు చూశారా? ఎల్పీ అట్ట వెనక చదివి మాట్లాడటం వేరు.

పాత_రికార్డు
బయటపడింది! నోట్స్ చదవడం రానివాడు నోరు మూసుకోవాలి, అంతేగా? రాదు నాకు. మా ఊళ్లో పియానో ఉన్నది చర్చిలో ఒక్కటే, దాన్ని ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. చెవులతోనే నేర్చుకున్నాను. వినడానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు నాకు.

విన్నంత_విని
హొరొవిట్జ్‌ని ఒక్కరూ తలవలేదేంటి?

నిర్వాహకుడు
వ్యక్తిగతంగా వెళ్లొద్దు. ఇద్దరికీ చెప్తున్నాను.

గూటిలో_గూడ
ఆంద్రాష్ షిఫ్ దీన్ని 1820 ప్రాంతంలో తయారైన వియన్నా ఫోర్టెపియానో (పాతకాలపు పియానో) మీద వాయించాడు, 2015లో వచ్చింది. ఆ వాయిద్యం మీద స్వరం తొందరగా ఆరిపోతుంది. రిక్టర్ వేగంతో వాయిస్తే స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ తప్ప ఏం మిగలదు. అయినా షిఫ్ రిపీట్ వదలడు, వదలకూడదని గట్టిగా వాదిస్తాడు కూడా. అంటే వేగం ఒక ప్రశ్న, రిపీట్ ఇంకో ప్రశ్న. మీరిద్దరూ రెంటినీ కలిపేసి కొట్టుకుంటున్నారు.

ఎడమచేయి
నేను కలపలేదు. పైన లెక్క విడదీసిందే నేను.

పాత_రికార్డు
@గూటిలో_గూడ, మీరన్నది నిజమే, అందుకే అసలు విషయం చెప్పేస్తాను. రిపీట్‌తో నాకు అంత పేచీ లేదు. నా పేచీ ఆ రిక్టర్ రికార్డింగు చుట్టూ అల్లిన కథతో. ఎవరు రాసినా ఒకటే పాట: చావు ఎదురుగా నిలబడిన మనిషి సంగీతం ఇది, అందుకే అంత మెల్లగా వాయించాలి అని. షూబర్ట్ దీన్ని 1828 సెప్టెంబరులో పూర్తి చేశాడు, నవంబరు 19న పోయాడు, 31 ఏళ్లు. అంచేత ప్రతి స్వరమూ వీడ్కోలేనట!

జబ్బు ఏళ్ల తరబడి ఉంది, నిజం. కానీ ఆ మధ్యలో ఏం చేశాడో చూడండి. అక్టోబరులో అన్న ఫెర్డినాండ్‌తో కలిసి ఐసెన్‌స్టాట్ దాకా నడిచి వెళ్లి స్వరకర్త హైడన్ సమాధి చూసొచ్చాడు. నవంబరు మొదటి వారంలో సైమన్ సెక్టర్ అనే మాస్టారి దగ్గర కౌంటర్‌పాయింట్ (ఒకేసారి నడిచే రాగాల్ని కలిపి అల్లే విద్య) పాఠాలకి కుదిరాడు. రేపోమాపో పోతానని తెలిసినవాడు కొత్తగా ట్యూషన్‌లో చేరతాడా?

మా ఆవిడ పోయినప్పుడు పలకరించడానికొచ్చినవాళ్లు కూడా ఇదే పని చేశారు. పోవడానికి కొన్ని వారాల ముందు ఇంటికి కొత్త కర్టెన్లు కుట్టించింది. “ఆవిడకి తెలుసండీ, అందుకే ఇల్లంతా సర్దిపెట్టి వెళ్లింది” అన్నారు. తెలీదు. ఆవిడకి పాత కర్టెన్లు నచ్చలేదు, అంతే. దీపావళికి ఎవరెవర్ని పిలవాలో కూడా చెప్పింది. రిక్టర్ వింటుంటే నాకు ఆ పలకరించడానికొచ్చినవాళ్లే గుర్తొస్తారు. బ్రెండెల్ దగ్గర ఆ మనిషి ఇంకా బతికున్నాడు, రేపటి పని గురించి ఆలోచిస్తున్నాడు.

తంబురా_శృతి
🙏

ఎడమచేయి
మీ ఆవిడ గారి సంగతి తెలియక ఏదేదో అన్నాను, ఏమనుకోకండి సార్. స్కోరు మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

రిక్టర్ మాట మాత్రం తీసుకోను. చావు అని నేనెక్కడన్నాను? పైకి వెళ్లి చూడండి, ఒక్కసారి కూడా అనలేదు. ఆ కథ రాసినవాళ్లు వేరు, వాయించినాయన వేరు. షూబర్ట్‌లోని పునరుక్తి తనకి పడదన్న పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1957లో మాస్కోలో రిక్టర్ ఇదే సొనాటా వాయిస్తుంటే విన్నాడు. ఇంత నెమ్మదిగా ఎవరూ వాయించగా వినలేదనీ, అయినా మంత్రం వేసినట్టు కూర్చుండిపోయాననీ తర్వాత చెప్పాడు. ఆయన చావు గురించి మాట్లాడలేదు. అంతకుముందు ఊరికే అలంకారాలనుకున్న చిన్న చిన్న వివరాలు రచనలో విడదీయరాని భాగాల్లా వినిపించాయనే అన్నాడు.

నాకూ అంతే. ఇంట్లో ఇద్దరు పిల్లలు, పైన ఆఫీసు, ఫోను. ఎవరూ నన్ను ముందుకెళ్లు అనని 24 నిమిషాలు రోజులో అవే. మీకు అది మైలపడ్డ ఇల్లులా వినిపిస్తే నేనేం చేయను? నాకు సెలవు రోజులా వినిపిస్తుంది.

రేపటి పని గురించి ఆలోచించే షూబర్టే కావాలంటే విల్హెల్మ్ కెంఫ్ వినండి, 1967. రిపీట్ ఉంది. నడకా ఉంది. ఏడుపు లేదు.

కొత్త_శ్రోత
అయితే నేను కెంఫ్‌తో మొదలుపెట్టనా?

గూటిలో_గూడ
ఇంతసేపూ మొదటి భాగమే. రెండో భాగం ఆండాంటే గురించి ఒక్క ముక్క మాట్లాడినవాళ్లు లేరు.

పాత_రికార్డు
కెంఫ్ నా దగ్గర ఉంది. ఇప్పుడే తీసి విన్నాను. మీరంత గొప్పగా చెప్పిన ఆ ట్రిల్ అందులో ఉరమదండీ, మర్యాదగా గొణుగుతుంది. దానికోసం మొదటికి వెళ్లడం దేనికి?

ఎడమచేయి
గొణగడమా? సౌండు ఎంతలో పెట్టి విన్నారు?

పాత_రికార్డు
పక్కింటివాళ్లు తలుపు కొట్టేంతలో.