ఒసాకాలో 5 రోజులు: మా ఆయన అన్నీ తింటారు, నేను గుడ్డు కూడా ముట్టను, ఇద్దరం కలిసి తినేదెలా?

బెజవాడ_అమ్మాయి:

నవంబరు మొదటి వారంలో మేమిద్దరమే జపాన్‌లోని ఒసాకా వెళ్తున్నాం. పెళ్లయ్యాక ఇదే మా మొదటి పెద్ద ప్రయాణం. టికెట్లు, వీసా అన్నీ అయిపోయాయి, ఇప్పుడు తిండి గురించే టెన్షన్. మా ఆయనకి ఒసాకా అంటేనే తిండి, దోతోన్‌బోరి వీధి వీడియోలు రెండేళ్లుగా చూస్తున్నారు. నేనేమో పూర్తి శాకాహారిని. "నీ కోసం నేనూ మానేస్తాలే" అంటున్నారు గానీ అది నాకు ఇష్టం లేదు, అంత దూరం వెళ్లి ఆయన నోరు కట్టుకోవడం ఎందుకు? అలాగని ఆయన తింటుంటే నేను బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని పక్కన నిలబడడమూ ఇష్టం లేదు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని తినగలిగే చోట్లు ఏమైనా ఉన్నాయా? ఒసాకా కోట, దగ్గర్లోని నారా ఊరు ఎలాగూ చూస్తాం, కోయాసాన్ అనే కొండ గురించి కూడా విన్నాను, 5 రోజుల్లో అవుతుందా? ఇంకొకటి, చిన్న రైస్ కుక్కర్ తెచ్చుకోమని మా అత్తయ్య గట్టిగా చెబుతున్నారు, తేవచ్చా?

నంబా_వాసి:

నాది గుంటూరండీ, ఒసాకాలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ముందు కుక్కర్ సంగతి: తేకండి. ఇక్కడ కరెంటు 100 వోల్టులు, మన కుక్కర్ 230 వోల్టులకి చేసింది, అన్నం సరిగ్గా ఉడకదు. కావాలంటే ఏ సూపర్ మార్కెట్‌లోనైనా వేడి చేసుకుని తినే అన్నం డబ్బాలు దొరుకుతాయి. ఆవకాయ, కందిపొడి తెచ్చుకోండి, మాంసం పచ్చళ్లు మాత్రం అస్సలు వద్దు, పచ్చి కరివేపాకు, పండ్లు కూడా వద్దు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

ఇక అసలు విషయం. మీరు నేర్చుకోవలసిన మాట ఒక్కటే: దషి. మనకి పోపు ఎలాగో వీళ్లకి దషి అలాగ, ఎండబెట్టిన చేపని చెక్కపొట్టులా పల్చగా తురిమి, సముద్రపు నాచుతో కలిపి కాచిన నీళ్లు. సూప్‌లో, సాస్‌లో, కూర ఉడికించే నీళ్లలో, అన్నిట్లోనూ అదే. అందుకే "మాంసం లేదు" అని దుకాణం వాళ్లు నిజాయితీగా చెప్పినా అందులో చేప ఉంటుంది, వాళ్ల లెక్కలో దషి చేప కిందికి రాదు. ఒసాకా పేరు చెప్పగానే గుర్తొచ్చే తకోయాకి, అంటే ఆక్టోపస్ ముక్క పెట్టి మన గుంట పొంగణాల్లా కాల్చేవి, వాటి పిండిలోనే దషి, గుడ్డు రెండూ కలుపుతారు. ఆక్టోపస్ బదులు చీజ్ పెట్టినా మీకు పనికిరాదు. ఒకోనోమియాకి అట్టు కూడా అంతే. కుషికత్సు అని పుల్లకి గుచ్చి వేయించేవాటిలో వంకాయ, తామర దుంప ఉంటాయి కదా అని ఆశపడకండి, చాలా చోట్ల జంతువుల కొవ్వులోనే వేయిస్తారు.

ఇద్దరూ కలిసి కూర్చోవాలంటే తిరిగే బెల్టు మీద ప్లేట్లు వచ్చే సుషీ హోటలే మేలు. ఆయన చేపలన్నీ లాగించవచ్చు, మీకు దోసకాయ పెట్టి చుట్టిన కప్పామకి, ఉప్పులో ఊరవేసిన ఉమే పండు పెట్టినవి ఉంటాయి. ఉమే పుల్లగా ఉంటుంది, ఉసిరికాయ పచ్చడి తినే నోటికి వెంటనే నచ్చుతుంది. రోడ్డు పక్కన కాల్చిన చిలగడదుంప, బియ్యప్పిండి దాంగో ఉండలు, ఎర్ర బీన్స్ ముద్ద పెట్టిన మోచి అనే బియ్యం మిఠాయి హాయిగా తినండి. చేప ఆకారంలో కాల్చే తైయాకిలో చేప లేదు గానీ పిండిలో గుడ్డు కలుపుతారు, అది అడగాలి.

ఒక వాక్యం రాసి ఫోన్‌లో పెట్టుకోండి: "నికు మో సకనా మో తమాగో మో తబెరారెమసెన్, దషి మో దమే దెస్." మాంసం, చేప, గుడ్డు తినలేను, దషి కూడా వద్దు అని. జపనీస్ లిపిలో చూపిస్తే ఇంకా మంచిది.

కాకినాడ_కాజా:

మేమూ మీలాంటి జంటే, మా ఆవిడ శాకాహారి. పోయిన ఏడాది వెళ్లొచ్చాం. మొదటి రోజే ఒక చిన్న హోటల్లో ఉదోన్ నూడుల్స్ తిన్నాం, పైన తియ్యటి తోఫు ముక్క తప్ప ఇంకేమీ కనిపించలేదు కాబట్టి ఆవిడ సగం గిన్నె తాగేసింది, తర్వాత రసం దేనితో చేశారో తెలిసి ఆ రాత్రంతా చాలా బాధపడింది. దషి గురించి అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. రెండో రోజు నుంచి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. మధ్యాహ్నం ఆవిడ తినే చోటికే, ఇండియన్ హోటల్ కానీ పూర్తి శాకాహార హోటల్ కానీ, ఇద్దరం వెళ్లేవాళ్లం. సాయంత్రం వీధిలో ఒక్కో దుకాణం దగ్గర ఆగుతూ నేను ఒకటి, ఆవిడ ఒకటి.

దోతోన్‌బోరికి చీకటి పడ్డాకే వెళ్లండి. కాలవ పక్కన చేతులెత్తి పరుగెత్తే మనిషి ఉన్న గ్లికో మిఠాయిల కంపెనీ ప్రకటన బొమ్మ 1935 నుంచి ఉంది, ఇప్పుడున్నది 2014లో పెట్టిన ఆరోది, దాని ముందు ఫోటో కోసం జనం తోసుకుంటారు. ఆ గోలంతా చూసి విసుగొచ్చిందంటే రెండు అడుగుల దూరంలో హోజెన్‌జి సందు ఉంది, రాళ్లు పరిచిన ఇరుకు వీధి, కాగితం లాంతర్లు, లోపల చిన్న గుడి. అక్కడి ఫుదో దేవుడి విగ్రహం మీద వచ్చినవాళ్లంతా నీళ్లు చల్లి మొక్కుతారు, అలా చల్లీ చల్లీ విగ్రహం మొత్తం పచ్చటి నాచు పట్టేసింది. మా ఆవిడ అభిషేకం అనుకునే గరిటె తీసుకుని చల్లింది. మొత్తం ప్రయాణంలో నాకు బాగా గుర్తున్నది ఆ పది నిమిషాలే.

కోట బయటి నుంచి చూస్తే చాలు, నా అభిప్రాయం. 1583లో హిదెయోషి అనే పాలకుడు మొదలుపెట్టిన కోట అని వెళ్తాం గానీ ఇప్పుడున్న బురుజు 1931లో కాంక్రీటుతో కట్టింది, లోపల లిఫ్టు, మ్యూజియం. కందకాలు, గోడల్లో వంద టన్నులకు పైగా బరువుండే రాళ్లు మాత్రం తప్పక చూడాలి.

కోయాసాన్ వద్దండీ. వెళ్లి రావడానికే ఒక రోజు పోతుంది, 5 రోజుల్లో అది దండగ. నారా చాలు, ఒసాకాలోని నంబా స్టేషన్ నుంచి కింతెత్సు రైలులో 40 నిమిషాలు.

అరకులోయ:

పై ఆయనతో నేను అస్సలు ఒప్పుకోను. మీ ప్రశ్నకి సరైన జవాబు కోయాసానే అమ్మా! ఒసాకా చుట్టుపక్కల ఇద్దరూ ఒకే వంట, అదీ ఏ అనుమానం లేకుండా, పక్కపక్కన కూర్చుని తినగలిగేది అక్కడే. కూకాయ్ అనే గురువు 1200 ఏళ్ల క్రితం స్థాపించిన బౌద్ధ క్షేత్రం అది, కొండ మీద మఠాల్లోనే రాత్రి బస ఇస్తారు. వాళ్ల షోజిన్ వంటలో మాంసం, చేప ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు, అచ్చం మన మడి వంట లాగే. దషి కూడా నాచుతో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. నువ్వులు రుబ్బి చేసే గోమాదోఫు నోట్లో వెన్నలా కరుగుతుంది. అయినా బుక్ చేసేటప్పుడు గుడ్డు సంగతి ఒక మాట అడిగి పెట్టుకో, ఉదయం ఫలహారంలో తేడా ఉండవచ్చు.

నంబా నుంచి నాన్‌కాయ్ రైలు, చివర కేబుల్ కారు, ఆ తర్వాత బస్సు. సాయంత్రం 5 లోపు మఠానికి చేరాలి, భోజనం తొందరగా పెట్టేస్తారు. కొండ ఎనిమిది వందల మీటర్ల ఎత్తు, నవంబరులో చలి గట్టిగానే ఉంటుంది, స్వెటర్ మరిచిపోవద్దు.

నారా కూడా వదలకు. అక్కడి తోదాయ్‌జి గుడిలో 15 మీటర్ల బుద్ధుడి విగ్రహానికి 752లో కళ్లు దిద్దింది దక్షిణ భారతం నుంచి వెళ్లిన బోధిసేనుడు అనే సన్యాసి. ఆ హాల్లో నిలబడి ఆ మాట తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

బెజవాడ_అమ్మాయి:

వెళ్లొచ్చాం! అందరికీ చాలా చాలా థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోకండి.

కుక్కర్ తేలేదు, అత్తయ్యకి వోల్టుల సంగతి చెబితే ఒప్పుకున్నారు. మా ఆయన తకోయాకి మూడు చోట్ల తిన్నారు, మూడోచోటే బాగుందట, బయట కరకరలాడుతూ లోపల మరీ జారుగా లేదని. ఆయన తింటున్నంతసేపూ నేను కాల్చిన చిలగడదుంప తిన్నాను, వేడివేడిది, తేనెలా తియ్యగా ఉంది, దాన్ని ఎప్పటికీ మరిచిపోను. సుషీ హోటల్లో 9 ప్లేట్లు కప్పామకి తిన్నాను, పక్క బల్ల మీది పెద్దావిడ ప్లేట్లు లెక్కపెట్టి చప్పట్లు కొట్టారు. ఆ వాక్యం చూపించిన ప్రతిచోటా కౌంటర్ దగ్గర అమ్మాయి లోపలికి వెళ్లి వంటవాళ్లని కనుక్కుని మరీ వచ్చింది, రెండు చోట్ల చేతులు అడ్డంగా పెట్టి "లేదు" అని వంగి క్షమాపణ చెప్పారు. లేదని చెప్పడంలో కూడా అంత మర్యాదా అనిపించింది.

కాజా గారూ, మీ మాట వినకుండా కోయాసాన్ వెళ్లాం, క్షమించాలి. ఓకునోయిన్ శ్మశానం దారిలో రెండు కిలోమీటర్లు దేవదారు లాంటి పెద్ద చెట్ల కింద నడిచాం. అక్కడి సమాధుల రాళ్లు ఒకదాని మీద ఒకటి అయిదు ఆకారాల్లో ఉంటాయి, పంచభూతాలకి గుర్తట, వాటి మీద చెక్కినవి 'సిద్ధం' అనే పాత భారతీయ లిపిలో మన సంస్కృత బీజాక్షరాలు. చాలాసేపు ఒక రాయి ముందే నిలబడిపోయాను.

కూకాయ్ చనిపోలేదని, అక్కడే ధ్యానంలో ఉన్నారని వాళ్ల నమ్మకం, అందుకని రోజుకి రెండుసార్లు ఆయనకి భోజనం తీసుకెళ్తారు. పొద్దున పదిన్నరకి సన్యాసులు చెక్కపెట్టె మోసుకుంటూ వంతెన దాటుతుంటే మేమూ పక్కకి జరిగి నిలబడ్డాం. రాత్రి మఠంలో ఎర్ర పళ్లేల్లో ఇద్దరికీ ఒకే భోజనం పెట్టారు. మా ఆయన తన గోమాదోఫు తినేసి నా దాంట్లో సగం కూడా అడిగారు.

అరకులోయ గారూ, ఉదయం ఫలహారంలో గుడ్డు లేదండి.