సమస్య: ఒక తివాచి చించె నుభయమైత్రి

నిర్వాహకుడు: డబ్ల్యూ.ఎస్. గిల్బర్ట్ జీవితం చదువుతుంటే ఈ పాదం తట్టింది. ఫన్ పత్రికలో ఇతరుల నాటకాలను చెండాడిన విమర్శకుడే, తర్వాత సలివన్ బాణీలతో లండన్‌ను ఊపేసిన ఆపెరాల రచయిత. మామూలుగా చినిగేది తివాచీ. ఇక్కడ తివాచీయే చించింది. కానివ్వండి.

గోదారిగట్టు:
హిందుదేశ మేఁగి యింటికి మరలిన
కవికి లెక్కలోనఁ గానవచ్చె
అయిదు నూర్ల వెలకు నాటశాలకుఁ బద్దు
ఒక తివాచి చించె నుభయమైత్రి.

1890 నాటి సంగతి. గిల్బర్ట్, సలివన్‌ల ఆపెరా 'గొండొలియర్స్' ఖర్చుల్లో సవాయ్ థియేటర్ తివాచీని కూడా కలిపారని గిల్బర్ట్ మండిపడ్డాడు. లాభంలో ముగ్గురికీ వాటా ఉంది కదా! సలివనేమో యజమాని కార్ట్ పక్షాన నిలిచాడు.

యతిభిక్షువు: 'బద్దు' మీద 'ఒక'! ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం. ఇన్నేళ్ళుగా రాస్తున్నవారు విసంధి వదిలేస్తే ఎలాగండీ? 'నాటశాలకు వేసి / రొక తివాచి' అనండి. పోయినసారీ ఇంతే, వాళ్ళ 'పినఫోర్' ఆపెరాను సవాయ్‌లో ఆడించారు. 1878లో సవాయ్ ఎక్కడిది? తెరిచిందే 1881లో.

గోదారిగట్టు: విసంధి ఒప్పుకుంటాను. 'వేసిరి' ఒప్పుకోను. 500 పౌండ్లన్నది గిల్బర్ట్ చెప్పిన అంకె. తివాచీకి నిజంగా అయింది 140 అంటారు. 'పద్దు' అంటే ఆయన కంటపడిన లెక్క. 'వేసిరి' అంటే నేను సాక్ష్యం చెప్పినట్టవుతుంది.

పాలపిట్ట: నాది వాళ్ళ 'మికాడో' ఆపెరా నుంచి. యమ్యమ్ అందులో నాయిక; కతిష రాకుమారుడు తనవాడేననే నడివయసు స్త్రీ.

రాజసుతుఁడు వలచె రమణి యమ్యమ్మును;
పెండ్లిమాట పొసఁగఁ బిలువకుండఁ
గతిష వచ్చెఁ బెద్ద కంఠాన, మగతోడు
కొకతి వాచి చించె నుభయమైత్రి.

యతిభిక్షువు: ఒకతి, వాచి! ఆహా, ఏం విరుపమ్మా! తివాచీ మాయమైపోయింది. గోదారిగట్టు గారు ఇది రెండుసార్లు చదవాలి.

గోదారిగట్టు: రెండుసార్లూ చదివాను. విరుపు బాగుంది, కథే తప్పింది. కతిష రాకుమారుడి గుట్టు చెప్పబోతే బృందమంతా గొంతెత్తి పాడి ఆమె మాట వినబడనివ్వదు. ఇక చించిందెక్కడ?

పాలపిట్ట: జంటను విడదీయలేకపోయింది, నిజమే. కానీ నడివయసు ఆడవాళ్ళను నవ్వులపాలు చేయడం గిల్బర్ట్‌కు అలవాటు, అది నాకు గిట్టదు. అందుకే 'వాచి' అన్నాను. కూటికి వాచినట్టు తోడుకు వాచింది. ఆ ఆకలి వినబడాలి.

నిర్వాహకుడు: వినబడింది, తల్లీ. గోదారిగట్టు గారూ, మీ పద్దు పోకుండా సంధి కలుపుతున్నాను, చూడండి:

అయిదు నూర్ల వెలకు నాటశాలకుఁ బద్ది
దొక తివాచి, చించె నుభయమైత్రి.