ఆరాధనకు మొదటి స్థానం ఎలా ఇవ్వాలి?

ప్రశ్న (హనుమకొండ సోదరి): అందరికీ వందనాలు. పిల్లల టిఫిన్ డబ్బాలు సర్ది, కాజీపేటలో రైలు అందుకొనే తొందరలో నా బైబిలు దిండు పక్కనే మూసి ఉండిపోతోంది. ఆదివారం పెదవులు పాడుతున్నా హృదయం ఎండిపోయినట్లుంది. ఏం చేయాలి?

జవాబు (కరీంనగర్ సోదరుడు): అమ్మా, మార్కు 1:35లో యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి, అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించారు; ముందటి సాయంకాలం ఎందరో రోగులను స్వస్థపరిచిన తరువాతి తెల్లవారుజామది, తీరిక దొరికిన రోజు కాదు. పొయ్యి వెలిగించకముందు పది నిమిషాలు, ఒక్క కీర్తనతో మొదలుపెట్టండి.

జవాబు (జనగామ సోదరి): 51వ కీర్తన 10వ వచనం చదవండి. శుద్ధహృదయాన్ని దావీదు దేవుణ్ణే అడిగాడు. ఎండిన రోజుల్లో నేను దానిని బిగ్గరగా చదువుతాను.

హనుమకొండ సోదరి: వందనాలు అన్నా, అక్కా. ఈ రాత్రే బైబిలును వంటగది గూటిలో పెడుతున్నాను.